కుర్చీ మామయ్య గేటు దాటిన వార్త

ఊళ్ళో పెద్దమనుషులు ఎవరెలా కూర్చుంటారో కుర్చీ మామయ్యకు తెలిసినంతగా వాళ్ళ ఇంటావిడలకు కూడా తెలీదు. అలాగని వాళ్ళలో ఒక్కరినైనా ఆయన చూశాడా అంటే లేదు. చూసే యోగమూ లేదనుకోండి, పుట్టుకతోనే చూపు లేదు. అయితేనేం, అంధుల బడిలో వంటగది వెనక రేకుల కప్పు వేసిన పొడుగాటి గదిలో కూర్చుని, ముప్పై ఏళ్ళుగా చిరిగిన పేము కుర్చీలు అల్లుతూ, ఊరు ఊరంతటినీ వెనకవైపు నుంచి చదివేశాడు.

కొత్త కుర్చీ రాగానే పాత అల్లిక కోసి పారెయ్యడు. ముందు దాన్ని అరచేత్తో తడుముతాడు, డాక్టరు కడుపు నొక్కి చూసినట్టు. చుట్టూ పిల్లలు ఊపిరి బిగబట్టి నిలబడతారు.

"ఇది బ్యాంకు మేనేజరుది. ఎడమవైపు కుంగింది. కుడి వెనక జేబులో పర్సు ఇంత లావున్నవాడు ఎడమకే ఒరుగుతాడు. ఇంకొకరి పేరు చెప్పండి, చెవి కోసిస్తా."

"ఇది మామయ్యా?" అని ఇంకో కుర్చీ ముందుకు తోస్తారు.

"ఇది వకీలుది. ముందంచు ఒక్కటే అరిగింది. ఏ నిమిషానైనా లేచి పరిగెత్తాలని కూర్చున్నట్టుంది. కేసు ఓడిపోయాడు పాపం."

పిల్లలు విరగబడి నవ్వుతారు. కుర్చీ నిజంగా వకీలుదో పాల డిపో వాడిదో ఎవరికి కావాలి? తెచ్చిన రిక్షావాడికి కూడా తెలీదు.

కుర్చీలతో ఆగి ఉంటే ఆయన జీవితం హాయిగా వెళ్ళిపోయేది. ఆగలేదు. అల్లిక మొదలుపెట్టాక చేతులకు పని ఉంటుంది గానీ నోటికి ఉండదు కదా. నానబెట్టిన పేము బద్ద ఒక కన్నంలోంచి లాగి, ఎదుటి కన్నంలో దూర్చి, చెక్క మేకు బిగించి, మళ్ళీ లాగుతూ కథ అందుకునేవాడు. అందరికంటే ఎక్కువసార్లు అడిగి చెప్పించుకున్న కథ బస్సుది. ఒక చలికాలం పొద్దున పొగమంచు ఎంత దట్టంగా పట్టిందంటే, బస్సు డ్రైవరుకు తన స్టీరింగే కనపడలేదట. బండి ఆపేసి, దిగి, దారినపోతున్న మామయ్య చెయ్యి పట్టుకుని, "అయ్యా, ఇవాళ మీకూ మాకూ తేడా లేదు, కానీ మీకు అలవాటుంది" అన్నాడట. మామయ్య డ్రైవరు పక్కన కూర్చుని, "కుడికి... కొంచెం కుడికి... ఆ కుక్కను తప్పించు" అని చెబుతూ యాభై మందిని ఇళ్ళకు చేర్చాడట. వాళ్ళలో ఒక పెళ్ళికొడుకు ఉన్నాడట. సరైన ఇంట్లోనే దించాడట.

గడియారం సెంటర్ కథ ఇంకోటి. అక్కడి స్తంభం గడియారం ఆగిపోతే పట్నం నుంచి మెకానిక్కులు వచ్చి తల బాదుకుంటూంటే, మామయ్య కింద నిలబడి చెవి ఒగ్గి, "మూడో చక్రానికి పన్ను విరిగింది" అన్నాడట. విరిగిందట.

అసలు సంగతేమిటంటే, కుర్చీ మామయ్య ఒంటరిగా ఆ గేటు దాటి ఇరవై తొమ్మిదేళ్ళయింది.

ఆరేళ్ళప్పుడు ఆయన్ని అక్క చెయ్యి పట్టుకుని తెచ్చి ఈ బడిలో దించింది. ఇప్పుడాయనకు నలభై ఎనిమిది. ఇక్కడే చదువుకున్నాడు, ఇక్కడే పని నేర్చుకున్నాడు, నేర్పినాయన వెళ్ళిపోతే ఆయన పీట మీదే కూర్చున్నాడు. పంతొమ్మిదో ఏట, మీసం వచ్చిన పొగరులో, ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా గేటు తీసుకుని బయటికి నడిచాడు. మొదటి ఇరవై అడుగులు రాజాలా వేశాడు. ముప్పయ్యో అడుగులో ఎడమ ఎటో కుడి ఎటో కలిసిపోయాయి. వెనక్కి తిరిగాననుకుని పక్కకు తిరిగాడు. మూత లేని మురుగు కాలవలో నడుం దాకా దిగబడిపోయాడు. జనం పోగయ్యారు. ఎవరో నవ్వారు, ఎవరో అయ్యో అన్నారు, ఎవరో చొక్కా కాలరు పట్టుకుని పైకి లాగి, అలాగే కాలరు పట్టుకుని, తప్పిపోయిన మేకపిల్లను తోలుకొచ్చినట్టు గేటు దాకా తోలుకొచ్చి అప్పగించారు. అప్పటి వాచ్‌మన్ బోరింగు దగ్గర నీళ్ళు కొట్టి కడిగాడు, ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు. ఆ మాటతో పాటే రిటైరయ్యాడు. మంచి మనిషి.

ఆ తర్వాత మామయ్య బయటికి వెళ్ళాల్సి వస్తే బడి వ్యానులో వెళ్ళాడు, ఎవరో ఒకరి మోచెయ్యి పట్టుకుని వచ్చాడు. అదీ ఏడాదికి రెండుసార్లు. మిగతా ప్రపంచమంతా ఆయనకు అడుగుల్లో ఉంది. మంచం నుంచి పనిగదికి ముప్పై ఎనిమిది. పనిగది నుంచి భోజనాల గదికి డెబ్భై రెండు, మలుపులు రెండు. భోజనాల గది నుంచి గేటుకి నూట ముప్పై ఒకటి. ఈ లెక్కల్లో ఆయన కర్ర లేకుండా, గోడ తాకకుండా, చేతిలో టీ గ్లాసుతో తొణక్కుండా నడిచేవాడు. కొత్తగా చేరిన టీచర్లు ఆయనకు చూపు ఉందేమోనని అనుమానపడేవాళ్ళు. గేటు దగ్గర ఇనుప కమ్మీ చేతికి చల్లగా తగిలేది. దాని అవతల అంకె లేదు.

నాలుగేళ్ళ కిందట బడికి నడక టీచర్ వచ్చింది. పొడుగాటి తెల్లకర్రతో రోడ్డు మీద ఎలా నడవాలో పిల్లలకు నేర్పడం ఆవిడ పని. "మీరూ రండి మేస్త్రీ గారూ, పది క్లాసులు చాలు" అంది.

"నాకెందుకమ్మా? చేపకు ఈత నేర్పుతావా?" అన్నాడు మామయ్య. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతో ఆ తలుపు కూడా మూసుకుంది. ఇంకెప్పుడూ ఆవిడ అడగలేదు.

ఇంకో రహస్యం ఉంది. ఇది మొదటిదానికంటే సిగ్గుచేటు. పేము బద్ద లాగీ లాగీ మామయ్య వేళ్ళ కొనలు కాయలు కాసి, చెప్పు అట్టల్లా తయారయ్యాయి. పదేళ్ళ కిందట ఒకరోజు బ్రెయిలీ పుస్తకం తెరిచి వేలు పెడితే, చుక్కలు లేవు. కాగితం గరుకుగా ఉంది, అంతే. పుస్తకం పాతదై చుక్కలు అణిగిపోయాయనుకున్నాడు. కొత్త పుస్తకం తెప్పించాడు. అదీ గరుకు కాగితమే. ఆ రాత్రి నుంచి ఆయన చదువు ఆగిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఏదైనా చదవాల్సి వస్తే, "ఏదీ, నువ్వు చదువు, నీ గొంతు ఎలా ఉందో చూస్తా" అని ఎవడో ఒక కుర్రాడి నెత్తిన పెట్టేవాడు. పైగా అక్షరానికి అక్షరం తప్పులు దిద్దేవాడు. చదవలేని మనిషి అంత కచ్చితంగా తప్పులు పట్టడం మామూలు విద్య కాదు.

ఇక అసలు కథ.

ఆ బడిలో నాలుగు నెలలకోసారి ఒక పత్రిక వస్తుంది. ఎండాకాలం కబుర్లు, వానాకాలం కబుర్లు, చలికాలం కబుర్లు, అలా. ఏ పిల్లకు పన్ను ఊడింది, స్నానాల గదిలో దూరిన కప్పకు ఏం పేరు పెట్టారు, భోజనాల గదిలో మూడో బెంచీ ఎవరి బరువుకు విరిగింది, అన్నీ ఉంటాయి. అందరూ భోజనాలయ్యాక గట్టిగా చదివి వినిపిస్తారు. తర్వాత ఆఫీసు గుమాస్తా మామూలు అక్షరాల్లో టైపు చేసి తల్లిదండ్రులకు పంపుతాడు. ఆ ఏడు దాని బాధ్యత పదో తరగతి పిల్ల ఒకతె మీద పడింది. అందరూ ఆమెను విలేఖరి అనేవాళ్ళు. బక్కపలచటి పిల్ల, కానీ కాగితం మీద చుక్కలు పొడిచే బ్రెయిలర్ మీటలు కొడుతుంటే కంసాలి సుత్తి దెబ్బల్లా వినపడేది. ఆమెకో నియమం. ఎవరి గురించి రాస్తే వాళ్ళ చేతికే ఆ పేజీ ఇచ్చి, చదివించి, సరే అనిపించుకుని గానీ వెయ్యదు. వంటావిడ ఉప్పు ఎక్కువేసిన వార్త కూడా వంటావిడకు వినిపించాకే వేసింది. వంటావిడ ఒప్పుకుంది కూడా.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం పనిగదిలో పదో తరగతి వాళ్ళు నలుగురు, విలేఖరితో సహా, కూర్చుని గోడు వెళ్ళబోసుకుంటున్నారు. వాళ్ళు ఏడాదిగా అడుగుతున్నారు, కళ్ళున్నవాళ్ళు ఎవరూ వెంట లేకుండా గడియారం సెంటర్ దాకా వెళ్ళొస్తామని. నడక టీచర్‌తో ఇరవైసార్లు వెళ్ళొచ్చిన దారే. కానీ పెద్ద టీచరమ్మ ఒప్పుకోవడం లేదు. బడి సిబ్బందిలో ఒక పెద్దమనిషి ఉండాలంటుంది. సిబ్బందిలో మామయ్యకు తప్ప అందరికీ కళ్ళున్నాయి.

"ఇంతేనా? మీ నలుగురినీ నాకప్పగించమనండి," అన్నాడు మామయ్య, బద్ద లాగుతూ. "కళ్ళు మూసుకుని తీసుకెళ్ళి తీసుకొస్తాను."

నలుగురిలో ఒకడికి లౌడ్‌స్పీకరని పేరు. వాడు గుసగుసలాడినా వీధి చివర వినపడుతుంది. "నిజంగానా మామయ్యా?" అన్నాడు వాడు. రేకులు అదిరాయి.

"నిజం కాకపోతే ఈ మీసం తీసేస్తా."

మర్నాడు పొద్దున విలేఖరి పిల్ల ఒక మందపాటి కాగితం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "మామయ్యా, మీ గురించి రాశాను. చదివి చెప్పండి, వేసేస్తా."

ఆ గదిలో వేరే పిల్లలెవరూ లేరు. 'నువ్వు చదువు' అందామంటే, రాసిన పిల్లే చదివితే ఇక ఆమె నియమం ఏమైనట్టు? పైగా ఆ వారమే ఆ ఏడాదికి నలభయ్యో కుర్చీ పూర్తయింది. ఆ సంగతే అయ్యుంటుంది, ఇంకేముంటుంది అనుకున్నాడు. గొంతు సవరించుకుని, కాగితం మీద వేలు పెట్టి, మరీ తొందరా మరీ నిదానమూ కాకుండా ఎడమ నుంచి కుడికి లాగాడు. వరస చివర ఆగాడు. రెండో వరసలోకి దిగాడు. మధ్యలో ఒకచోట "ఊఁ" అన్నాడు. ఇంకోచోట చిన్నగా నవ్వాడు కూడా. చివరికి, "ఇదిగో, ఇక్కడ ఒక చుక్క సరిగా లేవలేదు. కొంచెం గట్టిగా కొట్టాల్సింది," అన్నాడు.

"దిద్దుతాను. మిగతాది?"

"భేష్. వేసెయ్."

నాలుగు రోజులకు భోజనాలయ్యాక పత్రిక చదివారు. కప్ప వార్త అయింది, పన్ను వార్త అయింది. మామయ్య కడుపు నిండా తిని, గోడకానుకుని, నలభై కుర్చీల వార్త కోసం మీసం సవరించుకుంటున్నాడు. ఆఖరిది వచ్చింది.

"వానలు తగ్గిన తర్వాత వచ్చే మొదటి శనివారం పదో తరగతి నలుగురినీ కుర్చీ మామయ్య గడియారం సెంటర్‌కు నడిపించుకు వెళ్తారు. కళ్ళున్నవాళ్ళు ఎవరూ వెంట ఉండరు. మామయ్య ఈ వార్త స్వయంగా చదివి ఒప్పుకున్నారు."

భోజనాల గది దద్దరిల్లింది. బల్లలు చరిచారు, గ్లాసులు మోగించారు. మీసం మీదున్న మామయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పెద్ద టీచరమ్మ దగ్గరికొచ్చి ఆయన భుజం తట్టింది. "ముందే చెప్పొచ్చుగా మేస్త్రీ గారూ! పిల్లలు నా ప్రాణం తీస్తున్నారు. మీరుంటే నాకింక దిగులేముంది?"

"అదేనండీ... చూద్దాం... వానలు తగ్గనివ్వండి," అన్నాడు మామయ్య. 

ఆ వానాకాలం ఊరంతా తిట్టుకుంది. చెప్పులు బూజుపట్టాయి, బట్టలు ఆరలేదు, రేకుల మీద ఏనుగులు కవాతు చేస్తున్నట్టు రోజంతా మోత. అల్లిన కుర్చీలు ఆరక, బిగియక, తెల్లటి బూజు వాసన కొట్టాయి. ఆ జిల్లా మొత్తంలో ఇంకా కురవాలి, ఇంకా కురవాలి అని కోరుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. తెల్లవారగానే మంచం మీదే చెవి ఒగ్గి వినేవాడు. చినుకు వినిపిస్తే ఆ రోజుకు బతికినట్టు. కాస్త తెరిపిస్తే ఒళ్ళు చెమట పట్టేది.

టైపు చేసిన పత్రిక అక్క ఇంటికి చేరింది. ఆఫీసు ఫోనుకు ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావ చదివి వినిపించారురా. రెండుసార్లు చదివించుకున్నాను. వీధిలో అందరికీ చెప్పాను." ముక్కు చీదింది. "నిన్నక్కడ వదిలేసి వచ్చిన రోజున నా కొంగు పట్టుకుని వదల్లేదు నువ్వు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. అలాంటివాడివి నలుగురిని నడిపిస్తున్నావా?"

"అబ్బే, అదెంత పనక్కా."

బావ ఫోను లాక్కున్నాడు. "ఏమోయ్ బావమరిదీ, సెంటర్లో నిలబడి ఉపన్యాసం కూడా ఇస్తావా? జనం గుమిగూడితే ట్రాఫిక్ పోలీసుకు ఇబ్బంది, చూసుకో."

"పోలీసుకు ముందే చెప్పి ఉంచానులే బావా," అన్నాడు మామయ్య. నోరు ఊరుకోదు కదా. ఫోను పెట్టేశాక కాసేపు అక్కడే నిలబడ్డాడు. 

ఒకరోజు మోకాలు నొప్పన్నాడు. అరగంటలో విలేఖరి పిల్ల మందు సీసాతో వచ్చింది. లౌడ్‌స్పీకరు వేడినీళ్ళ సంచి తెచ్చాడు. మిగతా ఇద్దరూ చెరో కాలూ పట్టుకున్నారు. నలుగురూ కలిసి ఆ మోకాలిని ఎంత మర్దనా చేశారంటే, లేని నొప్పి నిజంగానే పుట్టింది. పెద్ద టీచరమ్మ వచ్చి, "తొందరేం లేదు మేస్త్రీ గారూ. మీకు తగ్గాకే. ఏడాది ఆగారు, ఇంకో నెల ఆగలేరా?" అంది. పిల్లలు నలుగురూ కిక్కురుమనలేదు. ఆ మౌనం మామయ్యకు మందు వాసన కంటే ఘాటుగా తగిలింది. తాను వెళ్ళకపోతే వాళ్ళు వెళ్ళరు. తన భయం తన ఒక్కడి గదిలో పడుకుని ఉన్నంతకాలం ఎవరికీ అడ్డం రాలేదు. ఇప్పుడది గేటుకు అడ్డంగా పడుకుంది.

సాయంత్రానికి నొప్పి తగ్గిందన్నాడు.

ఒక మధ్యాహ్నం అందరూ క్లాసుల్లో ఉండగా, గొడుగు పట్టుకుని గేటు దాకా నడిచాడు. నూట ముప్పై ఒకటి. కమ్మీ పట్టుకున్నాడు. అవతల ఏదో బండి నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది, ఎటు నుంచి ఎటు పోయిందో తెలియలేదు. గడియ తీద్దామని చెయ్యి పెట్టాడు. కాళ్ళు మాత్రం సిమెంటులో పాతినట్టుండిపోయాయి. కాసేపటికి వెనక్కి తిరిగాడు. వెనక్కి వచ్చేటప్పుడు నూట ముప్పై నాలుగొచ్చాయి. ఆ దారిలో లెక్క తప్పడం ఇన్నేళ్ళలో అదే మొదలు.

వానలు తగ్గాయి. ఏం చేస్తాం, ఎంతటి వానైనా ఎప్పుడో ఒకప్పుడు తగ్గాలి.

శనివారం పొద్దున బడి బడంతా గేటు దగ్గరుంది. పెద్ద టీచరమ్మ నలుగురికీ జాగ్రత్తలు చెప్పింది, మామయ్యకు మాత్రం ఏమీ చెప్పలేదు, ఆయనకు చెప్పేదేముంటుంది? నడక టీచర్ ఒక తెల్లకర్ర ఆయన చేతిలో పెట్టింది. దాన్ని ఆయన గొడుగు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆవిడ చూసింది. చూసి ఊరుకుంది.

గేటు కిర్రుమంది. ఒకటి, రెండు, మూడు. వెనక నాలుగు కర్రలు టకటకమంటున్నాయి. పది దాకా బాగానే ఉంది. పదిహేను దగ్గర ఒక కుక్క మొరిగింది. ఇరవై. గోడ ఎటువైపు ఉందో చేత్తో వెతికాడు, గాలి తగిలింది. ఇరవై ఆరు. అరికాలి కింద రాతిపలక ఒకటి కదిలి గుబుక్కుమంది. కింద నీళ్ళ చప్పుడు.

మామయ్య ఆగిపోయాడు. వెనక వస్తున్నవాళ్ళు ఒకరికొకరు తగులుకుని ఆగారు.

"ఏమైంది మామయ్యా?" అంది విలేఖరి.

 మోటారు సైకిలొకటి చెవి పక్కనుంచి పోయింది.

"మామయ్యా?"

"నాకు దారి తెలీదమ్మా," అన్నాడు. అంత చిన్న గొంతు ఆయన దగ్గర ఉందని ఎవరికీ తెలీదు. "గేటు దాటి నేనెప్పుడూ ఒంటరిగా రాలేదు. ఒక్కసారి వచ్చాను. ఇక్కడే పడ్డాను."

 ముందు తేరుకున్నది లౌడ్‌స్పీకరే. "మరి పొగమంచులో బస్సు?"

"లేదురా."

"పెళ్ళికొడుకు?"

"పెళ్ళికొడుకూ లేడు."

"గడియారం మూడో చక్రం..."

"ఆ గడియారం ఎక్కడుందో కూడా నాకు తెలీదురా నాయనా."

వాడు ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు గొణిగాడు. వాడి బాధ వాడిది. ఎన్ని రాత్రులు ఆ బస్సులో కూర్చుని నిద్రపోయాడో.

"మరి నేనిచ్చిన పేజీ చదివారుగా?" అంది విలేఖరి. కోపం లేదు గొంతులో. అర్థం కాక అడుగుతోంది. "చుక్క లేవలేదని కూడా చెప్పారుగా?"

మామయ్య చెయ్యి చాచాడు. ఆమె ఆ వేళ్ళ కొనల్ని తన వేళ్ళతో ఒక్కొక్కటే తడిమింది. ఐదో వేలు దాకా వచ్చి, మళ్ళీ మొదటి వేలికి వెళ్ళింది.  "చదవడం ఆగిపోయి ఎన్నేళ్ళయింది?" అంది.

"పదేళ్ళు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎలా చెప్పనమ్మా?"

వెనక గేటు దగ్గర జనం ఇంకా ఉన్నారు. మాటలు వినపడేంత దగ్గర కాదు, ఆగిపోయారని తెలిసేంత దగ్గర. "మేస్త్రీ గారూ, అంతా బాగేనా?" అని పెద్ద టీచరమ్మ కేక వేసింది.

"దారి చూపిస్తున్నారండీ!" అని లౌడ్‌స్పీకరు కేక వేశాడు. తర్వాత గొంతు తగ్గించి, అంటే మామూలు మనిషి గొంతంత చేసి, "మామయ్యా, దారి మాకు తెలుసు. మీరు ముందుండక్కర్లేదు. వెనక రండి చాలు. మాకు కావాల్సింది ఒక పెద్దమనిషి, అంతే," అన్నాడు.

పెద్దమనిషి వెనక్కి వెళ్ళి, వాడి భుజం మీద చెయ్యి వేసి, రాతిపలక దాటాడు. కర్ర చంకలో పెట్టుకున్నాడు. ముందు విలేఖరి కర్ర టకటకమంటూ, "ఇక్కడ స్తంభం... ఇక్కడ రెండు మెట్లు దిగాలి..." అని చెబుతోంది. ఆమె చెప్పినచోటే స్తంభం ఉంది. చెప్పినన్నే మెట్లున్నాయి. నలభై, యాభై, అరవై. రబ్బరు, గ్రీజు వాసన వచ్చింది. సైకిలు షాపు. పిల్లలు బెంచీ ఉందని చెప్పారు.

దాని తర్వాత పెద్దరోడ్డు. ఆ మోత విన్నాక మామయ్య కాళ్ళు ఇక కదల్లేదు. లారీలు, హారన్లు, ఎవరో ఎవర్నో తిట్టడం, అన్నీ ఒకేసారి నాలుగు వైపుల నుంచీ మీద పడుతున్నాయి. లౌడ్‌స్పీకరు భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే వాడు "అబ్బా" అన్నాడు.

"కొంచెం దూరమే మామయ్యా. ఒక్క రోడ్డు దాటితే చాలు."

"నావల్ల కాదురా."

"పోనీ వెనక్కి వెళ్దామా?" అంది విలేఖరి.

మామయ్య అవునంటే చాలు, నలుగురూ అప్పటికప్పుడు తిరిగేవాళ్ళు. ఒక్కరూ సణిగేవాళ్ళు కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. 'సరే' అన్న మాట నాలుక చివరికొచ్చింది కూడా. నలుగురూ ఊపిరి తీయకుండా ఎదురుచూస్తున్నారు. పనిగదిలో కథ మంచి పట్టులో ఉన్నప్పుడు కూడా వాళ్ళంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేరు.

"మీరు వెళ్ళండి," అన్నాడు. "నేనిక్కడ కూర్చుంటా."

"పెద్ద టీచరమ్మ..."

"అడిగితే నేనే వెళ్ళమన్నానని చెప్పండి. చివాట్లు నాకు పడతాయి, మీకు కాదు. వెళ్ళండి, పోండి. రోడ్డు దాటేటప్పుడు వాగకురా నువ్వు, బండి చప్పుడు విను."

నాలుగు కర్రలు మోతలోకి వెళ్ళాయి. ఒకచోట ఆగాయి. చాలాసేపు ఆగాయి. లారీ ఒకటి పోయింది. తర్వాత టకటకమంటూ దూరమై, వినపడకుండా పోయాయి.

మామయ్య చేత్తో వెతుక్కుని బెంచీ మీద కూర్చున్నాడు. చెక్క బెంచీ, అల్లిక లేదు, దాన్ని తడిమి చెప్పడానికేమీ లేదు. గేటు ఎటువైపు ఉందో ఆలోచించాడు. కుడివైపనుకున్నాడు. కాసేపటికి ఎడమేమో అనిపించింది. లేచి నాలుగడుగులు వేస్తే ఏమవుతుందో తెలుసు. ముందుకు పోవడానికి రోడ్డు, వెనక్కి పోవడానికి కాలవ, మధ్యలో ఒక బెంచీ. చేతులు రెండూ బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

గాలి కొట్టే పంపు ఆగింది. "ఏం పెద్దాయనా, ఎవరికోసం? ఎక్కడికి వెళ్ళాలి?" అన్నాడు సైకిలు షాపువాడు.

మామయ్య నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. రాజధాని నుంచి వచ్చాననీ, కారు చెడిపోయిందనీ, డ్రైవరు టైరుకోసం వెళ్ళాడనీ. దాన్ని మింగేశాడు. మింగడం కష్టంగా ఉంది, అలవాటు లేదు.

"ఎక్కడికీ లేదు బాబూ. ఇక్కడికే వచ్చాను. ఆ బడి నుంచి. ఇరవై తొమ్మిదేళ్ళలో ఇంత దూరం నడిచి రావడం ఇదే."

షాపువాడు ఫక్కున నవ్వాడు. "భలేవాడివే! బడి అదిగో, రాయి విసిరితే తగులుతుంది. ఇంత దూరమట! నాకు చెబుతున్నావా కోతలు?"

"కోతలు కాదు బాబూ."

"సర్లే, సర్లే. కావాలంటే చెప్పు, గేటు దాకా దించుతా. చెయ్యి ఇలా ఇవ్వు."

ఆ చెయ్యి దగ్గరికొచ్చింది, గ్రీజు వాసన తెలుస్తోంది. పట్టుకుంటే అరవై అడుగుల్లో గేటు, దాని లోపల తన మంచం, తన గది, తన ముప్పై ఎనిమిది అంకెలు. మామయ్య బెంచీ అంచును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు బాబూ. నేనిక్కడ లేకపోతే నా పిల్లలకు దొరకను," అన్నాడు.

పంపు మళ్ళీ మొదలైంది. మామయ్య రోడ్డు వైపనుకున్న దిక్కుకు తల తిప్పి, ఆ మోతలో నాలుగు కర్రల చప్పుడు వెతుక్కుంటూ కూర్చున్నాడు.